షంటింగ్ లేఅవుట్‌కు ఏ గూడ్స్ వ్యాగన్లు చవక?

అసలు రైలులో 87వ వంతు ఉండే హెచ్‌ఓ స్కేలులో మోడల్ రైలు యార్డు కడుతున్నానని, ముప్పై వ్యాగన్లు కావాలని, అక్యురైల్ కిట్లు, పాత అథర్న్ బ్లూ బాక్సు కిట్లు, బాక్‌మన్ రెడీమేడ్ వ్యాగన్లు, వీటిలో ఏవి చవకో చెప్పమని అడిగారు. అద్దాల బీరువాలో పెట్టుకోవడానికైతే నా జవాబు వేరుగా ఉండేది. రోజూ షంటింగ్ చేయడానికి, అంటే వ్యాగన్లను ముందుకూ వెనక్కూ జరిపి పట్టాలు మార్చడానికి కాబట్టి అక్యురైల్ కిట్లే కొనమంటాను.

మౌలాలీలో మా మేడ మీది గదిలో తొమ్మిదేళ్లుగా చిన్న యార్డు నడుపుతున్నాను. మొదట్లో డల్లాస్ నుంచి వస్తున్న మా అక్క సూట్‌కేసులో డజను పాత వ్యాగన్లు తెప్పించుకున్నాను. ముందుకు లాగితే చక్కగా నడిచేవి. వెనక్కి నెట్టి సైడింగులో పెట్టబోతే మాత్రం పట్టాలు చీలే పాయింట్ల దగ్గర ఏదో ఒకటి పట్టాలు తప్పేది. ఎందుకా అని ఎన్నో రాత్రులు పాయింట్లనే సరిచేస్తూ కూర్చున్నాను. చివరికి తేలింది, లోపం వ్యాగన్లను ఒకదానికొకటి తగిలించే కప్లర్లలో ఉందని. వాటిని వ్యాగన్ అడుగుకు కాకుండా చక్రాల చట్రానికి బిగించారు. వెనక నుంచి నెట్టగానే ఆ ఒత్తిడి చట్రాన్నే పక్కకు తిప్పేస్తుంది. కాబట్టి ఏ కంపెనీదైనా సరే, ముందు తిరగేసి కప్లర్ దేనికి బిగించి ఉందో చూడండి.

బ్లూ బాక్సు కిట్లు ఇప్పుడు తయారీలో లేవు, పాతవే దొరుకుతాయి. గట్టివి, లోపల ఇనుప రేకు బరువుగా ఉంటుంది. కానీ కప్లర్ పెట్టె మీది లోహపు మూత వదులై, కప్లర్ కిందికి వేలాడుతుంది. వాటికి కేడీ కంపెనీ 5 లేదా 148 నంబరు కప్లర్లు, లోహపు చక్రాలు వేస్తే, అయ్యే ఖర్చు ఒక్కోసారి వ్యాగన్ వెలను దాటిపోతుంది. బాక్‌మన్‌లో సిల్వర్ సిరీస్ అయితే లోహపు చక్రాలతోనే వస్తుంది, కప్లర్ కూడా అడుగుకే ఉంటుంది. అక్యురైల్‌కు చక్రాలు ప్లాస్టిక్‌వి. వాటిని మార్చుకోక తప్పదు. మన దుమ్ముకు ప్లాస్టిక్ చక్రాల మీద నల్లని మడ్డి త్వరగా పేరుకుంటుంది. అయినా కిట్టును మన చేతులతోనే బిగిస్తాం కనుక ఏ స్క్రూ ఎంత బిగువుండాలో మన చేతిలో ఉంటుంది. ఒక చట్రం అటూ ఇటూ తిరిగేంత, రెండోది కాస్త ఊగేంత వదులుగా ఉంటే వ్యాగన్ పట్టాలను వదలదు.

బరువు విషయంలో అశ్రద్ధ వద్దు. అమెరికా మోడల్ రైల్వే సంఘం ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ సూచన ప్రకారం హెచ్‌ఓ వ్యాగన్‌కు 1 ఔన్సు, ఆపైన పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు ఉండాలి. నలభై అడుగుల బాక్స్ వ్యాగన్ మోడల్ సుమారు ఐదున్నర అంగుళాలు. అంటే 106 గ్రాములు. వంటింటి తూకం చాలు. నేను మొదట బొగ్గు మోసే ఒక హాపర్ వ్యాగన్‌లో సీసపు గుళ్లు పోసి తెల్ల జిగురుతో అంటించాను. రెండేళ్లకు సీసం ఉబ్బి, వ్యాగన్ గోడలు పగిలాయి. ఆ జిగురులోని ఆమ్లం సీసాన్ని తెల్లని లవణంగా మార్చేస్తుందట! ఎంతో ఇష్టపడి రంగు వేసుకున్న వ్యాగన్ అది, ఇప్పటికీ బాధే. ఆ తరువాత నుంచి టైర్ల దుకాణంలో చక్రాల బ్యాలెన్సింగుకు అంటించే 5, 10 గ్రాముల ఇనుప బద్దలు వాడుతున్నాను.

ముప్పైకీ ఒకేసారి ఆర్డరు ఇవ్వకండి. రెండు అక్యురైల్, రెండు సిల్వర్ సిరీస్ తెప్పించి, కేడీ 205 గేజ్‌తో కప్లర్ ఎత్తు సరిచూసి, మీ యార్డులో అన్నిటికన్నా ఇరుకైన పాయింటు మీదుగా ఇరవై సార్లు వెనక్కి నెట్టండి. ఒక్కసారీ పట్టాలు తప్పని రకాన్నే మిగతావాటికి ఎంచుకోండి.