కవలల గర్భానికి ముందే కుట్టు వేయించాలా?

మీ చెల్లెలికి కవలలని, 17వ వారం నడుస్తోందని, ఒడిశాలోని గుణుపురంలో ఉన్నారని రాశారు. కవలలైతే నెలలు నిండకుండానే కాన్పు అయిపోతుందని, ఇప్పుడే గర్భసంచి మూతికి కుట్టు వేయించేయమని అత్తగారివాళ్ళు పట్టుబడుతున్నారు, ఏం చేయాలి అని అడిగారు.

మాది రాయగడ. నాకూ కవలలే, నాకు కుట్టు వేశారు, ఇద్దరు పిల్లలూ బతికారు. అయినా కవలలన్న ఒక్క కారణానికి కుట్టు వేయించకండి అనే చెబుతాను. ఒక్క బిడ్డ ఉన్నవాళ్ళలో, అంతకుముందు నెలలు నిండకుండా కాన్పు జరిగి, ఈసారి గర్భసంచి మూతి పొడవు 25 మిల్లీమీటర్ల కంటే తగ్గితే కుట్టు బాగా పనిచేస్తుంది. కవలల్లో ఆ లెక్క కుదరలేదు. 25 కంటే తగ్గిందని మాత్రమే కవలల తల్లులకు కుట్టు వేస్తే మేలు జరగకపోగా, ముందే కాన్పు కావడం పెరిగిందని 2005లో పాత పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు కనిపించింది. మరీ పొట్టిగా, 15 కంటే తక్కువ ఉంటే వేసే డాక్టర్లు ఉన్నారు. అది వాళ్ళు రిపోర్టు చూసి తేల్చాల్సిన మాట.

నా సంగతి వేరు. ఐదో నెలలో బిడ్డల అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌కి వెళ్ళినప్పుడు నాకు నొప్పుల్లేవు, రక్తం లేదు. పొత్తికడుపులో బరువుగా ఉండేది, తెల్లబట్ట ఎక్కువైంది. కవలలు కదా, ఇలాగే ఉంటుందిలే అన్నారు అందరూ. స్కాన్ చేసినావిడ లోపలి నుంచి కూడా చూస్తానని టీవీఎస్ (యోని ద్వారా చేసే స్కాన్) చేశారు. మూతి పొట్టిబడటం కాదు, అప్పటికే తెరుచుకుంది, ఉమ్మనీటి సంచి కనిపిస్తోంది. అక్కడి ఆసుపత్రిలో కవలలకు కుట్టు పనికిరాదు, ఇంటికెళ్ళి కదలకుండా పడుకోమన్నారు. ఆ మాట మూతి పొట్టిగా ఉన్నవాళ్ళకు వర్తిస్తుందేమో గానీ, మూతి తెరుచుకున్నవాళ్ళకు వర్తించదు. ఈ తేడా తెలియక ఎంతమంది తల్లులు పిల్లల్ని పోగొట్టుకుంటున్నారోనని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ తేడా ఎంతంటే, 2020లో అమండా రోమన్ అనే డాక్టర్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. 16 నుంచి 24 వారాల లోపు, నొప్పులు లేకుండానే మూతి 1 నుంచి 5 సెంటీమీటర్లు తెరుచుకున్న కవలల తల్లులు 30 మంది. కొందరికి కుట్టు వేసి, దాంతోపాటు నొప్పులు రాకుండా ఇండోమెథాసిన్ అనే మందు, యాంటీబయాటిక్ ఇచ్చారు. కొందరికి వేయలేదు. వేయనివాళ్ళలో పిల్లల మరణాలు 77 శాతం, వేసినవాళ్ళలో 17.6 శాతం. అంత తేడా కనబడేసరికి పరిశోధన మధ్యలోనే ఆపేశారు. అయితే కుట్టు వేసినవాళ్ళలో కూడా 41 శాతం మందికి 28 వారాల లోపే కాన్పు అయింది. ఇది ముందే తెలిసి ఉంటే మంచిది, లేకపోతే కుట్టు పడింది కదా అని ధీమాగా ఉండిపోతాం.

విశాఖలో నర్సుగా చేసే మా పిన్ని ఫోన్లోనే గట్టిగా చెప్పింది, రేపటిదాకా ఆగొద్దు, బయల్దేరండి అని. కారు మాట్లాడుకుని పార్వతీపురం, విజయనగరం మీదుగా విశాఖ వెళ్ళాం. అక్కడ ముందు జ్వరం ఉందా, ఇన్ఫెక్షన్ ఉందా, నొప్పులు మొదలయ్యాయా, ఉమ్మనీరు పోతోందా అని చూశారు. వీటిలో ఏదున్నా కుట్టు వేయరు, వేస్తే తల్లికే ప్రమాదం. నాకు ఏవీ లేవు. నడుంకి మత్తు ఇచ్చి, సంచిని జాగ్రత్తగా లోపలికి నెట్టి కుట్టేశారు. కుట్టేటప్పుడు సంచి చిట్లే ప్రమాదం ఉందని సంతకానికి ముందే చెప్పారు. (ఈ కుట్టు మొదట వేసినవాళ్ళలో ఒకరు బొంబాయి డాక్టర్ శిరోద్కర్, 1955లో. ఈ కుట్టులో ఒక రకాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు, ఆ మాట అక్కడి డాక్టరమ్మే చెప్పింది.)

తర్వాత పూర్తిగా మంచం పట్టమనలేదు. కదలకుండా పడుకుంటే కాన్పు ఆగుతుందనే ఆధారం లేదు, పైగా కాళ్ళలో రక్తం గడ్డకట్టొచ్చు. బరువులు ఎత్తకుండా, ఇంట్లో మెల్లగా తిరుగుతూ ఉన్నాను. పిల్లల ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పడ్డాయి. నొప్పులు రాకపోతే 36, 37 వారాలకు కుట్టు తీస్తారు. నాకు అంతకుముందే నొప్పులొచ్చాయి, అప్పుడే తీసేశారు. పిల్లలు కొన్నాళ్ళు గాజుపెట్టెలో ఉండి ఇంటికొచ్చారు.

మీ చెల్లెలికి ఇప్పుడు చేయాల్సింది టెన్షన్ పెట్టడం కాదు, స్కాన్ చేయించడం. టిఫా స్కాన్ 18 నుంచి 22 వారాల మధ్య చేస్తారు కాబట్టి దానికి తేదీ తీసుకునేటప్పుడే మూతి పొడవు కూడా లోపలి నుంచి కొలవమని అడగండి. పై నుంచి చేసే స్కాన్‌లో అది సరిగ్గా తెలియదు. ఈలోగా పొత్తికడుపు బరువెక్కినా, నడుం లాగుతున్నా, జిగురుగా గానీ రక్తపు చారలతో గానీ తెల్లబట్ట అయినా ఆ తేదీ కోసం ఆగకండి. మూతి తెరుచుకుందంటే, పడుకోమని ఎవరైనా ఇంటికి పంపినా వినకండి. కుట్టు వేయగలిగే డాక్టరు, నెల తక్కువ పిల్లల్ని చూసే విభాగం రెండూ ఉన్న బరంపురం ఎంకేసీజీ పెద్దాసుపత్రికో విశాఖ కేజీహెచ్ పెద్దాసుపత్రికో ఆ రోజే తీసుకెళ్ళండి. వెళ్ళేముందు ఫోన్ చేసి ఖాళీ ఉందో లేదో కనుక్కోండి, పాత రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో పెట్టుకోండి.