టెక్ సందేహాలు: స్లో కుక్కర్‌లో యాపిల్ క్రిస్ప్ ఎందుకు కరకరలాడదు?

ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఈ వారానికి పక్కన పెడదాం. అమెరికాలో ఆకులు రంగు మారే వేళకి తోటల నుంచి యాపిల్స్ సంచులకొద్దీ ఇళ్లకి చేరతాయి. తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే దసరా, దీపావళి పాట్‌లక్‌లూ అప్పుడే. అందుకే కాబోలు, ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు స్లో కుక్కర్ (సన్న వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు పాత్ర) చుట్టూనే తిరిగాయి.

ప్రశ్న: దసరా పాట్‌లక్‌కి యాపిల్ క్రిస్ప్ (యాపిల్ ముక్కల మీద కరకరలాడే ఓట్స్ పొర ఉండే డెజర్ట్) తీసుకెళ్దామనుకున్నాను. పెద్దవాళ్లు ఎక్కువమంది వస్తారని వెన్న, చక్కెర తగ్గించి, ఓవెన్ రెసిపీనే 6 క్వార్ట్‌ల స్లో కుక్కర్‌లో 'హై' మీద పెట్టాను. అడుగున నీళ్లు, పైన ఓట్స్ ముద్ద! నా సెట్టింగ్ తప్పా, కుక్కర్‌లో లోపమా? – ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: రెండూ కావండి. ఆ యంత్రం చేయలేని పని మీరు దానికి అప్పజెప్పారు. ఓట్స్ పొర ఎర్రగా వేగాలంటే పైభాగం వేడి 140 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకి వెళ్లాలి, తేమ బయటికి పోవాలి. స్లో కుక్కర్‌లో ఈ రెండూ జరగవు. లోపలి వేడి నీరు మరిగే స్థాయికి కాస్త కిందే ఆగిపోతుంది. లేచిన ఆవిరి, ఇడ్లీ పాత్ర మూతకి పట్టినట్టే లోపలివైపు చుక్కలు కట్టి, తిరిగి ఓట్స్ మీదే పడుతుంది. యాపిల్‌లో నూటికి 85 పాళ్లు నీరే. ఓవెన్‌లో అయితే అందులో కొంత ఎగిరిపోతుంది. ఇక్కడ గిన్నె దాటి పోయే దారే లేదు.

'హై' పెట్టినందువల్ల ఒరిగిందీ ఏమీ లేదు. 'లో', 'హై' అంటే రెండు వేర్వేరు ఉష్ణోగ్రతలని చాలామంది అనుకుంటారు. ఎక్కువ మోడళ్లలో రెండూ చివరికి చేరేది దాదాపు ఒకే వేడికి, సుమారు 98 డిగ్రీలకి. 'హై' అక్కడికి తొందరగా వెళ్తుంది, 'లో' నింపాదిగా వెళ్తుంది. పండ్లకి నింపాదే మంచిది, ముక్క చెదరదు.

అసలు ఈ పాత్ర పుట్టిందే తడి వంట కోసం. షికాగోకి చెందిన ఇర్వింగ్ నాక్సన్ అనే ఆవిష్కర్త 1940లో దీనికి పేటెంట్ పొందారు. తూర్పు యూరప్ యూదులు శనివారం పొయ్యి ముట్టించరు కాబట్టి ముందురోజే చోలెంట్ అనే బీన్స్ వంటకాన్ని రొట్టెల బట్టీలో పెట్టేవారట. ఆరిపోతున్న బట్టీ వేడికి అది రాత్రంతా ఉడికేది. తల్లి చెప్పిన ఆ ముచ్చట్లే ఆయనకి ఈ ఆలోచన ఇచ్చాయి. పెట్టిన పేరు కూడా నాక్సన్ బీనరీ. రైవల్ కంపెనీ దాన్ని కొనుక్కుని 1971లో క్రాక్‌పాట్ పేరుతో అమ్మాకే ఇంటింటికీ చేరింది. బీన్స్ కోసం పుట్టిన పాత్ర నుంచి కరకర ఆశించడం మన అత్యాశే.

కాబట్టి పనిని పంచండి. పండు కుక్కర్‌కి, కరకర బాండీకి. 8 మధ్యస్థం యాపిల్స్ తీసుకోండి, సగం గ్రానీ స్మిత్, సగం హనీక్రిస్ప్. మెకింటోష్ మాత్రం వద్దు, కరిగి గుజ్జయిపోతుంది. తొక్క ఉంచేసి అరంగుళం మందాన కోయండి. కుక్కర్ సగం పైన నిండుతుంది, దానికి అదే సరైన కొలత. మరీ తక్కువ వేస్తే అంచులు మాడతాయి. నిమ్మరసం 2 చెంచాలు, దాల్చిన చెక్క పొడి, ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు, 4 పెద్ద చెంచాల మేపుల్ సిరప్ కలపండి. నీళ్లు చుక్క కూడా వద్దు. మూతకి, గిన్నెకి మధ్య శుభ్రమైన నూలు గుడ్డ బిగుతుగా పరిచి, కొసలు మూత మీదికి మడిచేయండి. అవి వేడి అంచుకి తగలకూడదు. చుక్కలన్నీ గుడ్డ పీల్చుకుంటుంది. 'లో' మీద మూడు గంటలు. మధ్యలో మూత తీసి చూస్తే ప్రతిసారీ ఇరవై, ముప్పై నిమిషాలు అదనం. రసం పల్చగా అనిపిస్తే చెంచాడు కార్న్ స్టార్చ్ చల్లటి నీళ్లలో కలిపి పోసి, చివరి ఇరవై నిమిషాలు 'హై'లో ఉంచండి.

ఈలోగా బాండీలో చెంచా నెయ్యి వేసి కప్పు ఓట్స్, గుప్పెడు బాదం పలుకులు సన్నటి సెగ మీద ఎర్రగా వేయించుకోండి. ఎయిర్ ఫ్రయర్ ఉంది కదా అని అందులో వేయకండి. ఫ్యాన్ గాలికి ఓట్స్ ఎగిరి కాయిల్ మీద పడి మాడతాయి. చల్లారాక డబ్బాలో పెట్టి విడిగా పట్టుకెళ్లండి, వడ్డించేటప్పుడు చల్లాలి.

వెన్న, చక్కెర తగ్గించాలనుకున్నారు కదా, ఆ తేలిక ఎక్కడ వచ్చిందో చూడండి. ఒక స్టిక్ వెన్న, కప్పు చక్కెర పడే రెసిపీలో ఆ రెండింటివే 1,500 కేలరీలు దాటుతాయి. పైన చెప్పిన లెక్కలో మొత్తం గిన్నెకే సుమారు 1,500. ఎనిమిది మందికి పంచితే మనిషికి 190 లోపు. ఇందులో కుక్కర్ గొప్పతనం కొంతే. నెమ్మదిగా ఉడకడం వల్ల పండు తన రసంలోనే మెత్తబడుతుంది కాబట్టి వెన్న అవసరం తీరిపోయింది. మేపుల్ సిరప్ బదులు బెల్లం వేస్తే తేలికవుతుందనే భ్రమ మాత్రం వద్దు, కేలరీల్లో బెల్లానికీ చక్కెరకీ పెద్ద తేడా లేదు. ఆస్పర్టేమ్ ఉన్న స్వీట్‌నర్లు ఇంతసేపు ఉడికితే తీపి పోగొట్టుకుంటాయి. గిన్నె పక్కన 'షుగర్ ఫ్రీ' అని కాగితం కూడా పెట్టకండి, ఒక్కో యాపిల్‌లోనే దాదాపు 19 గ్రాముల చక్కెర ఉంటుంది.

ప్రశ్న: పొద్దున ఏడింటికి ఆఫీసుకి వెళ్తాను. పాలు పోసిన గుమ్మడికాయ పుడ్డింగ్ కుక్కర్‌లో సర్ది, స్మార్ట్ ప్లగ్‌తో మధ్యాహ్నం రెండింటికి ఆన్ చేద్దామంటే ప్లగ్ ఆన్ అవుతోంది, కుక్కర్ వెలగడం లేదు. – ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: వెలగకపోవడమే మీ అదృష్టం. బటన్ల మోడల్‌కి కరెంటు పోయి వస్తే పాత సెట్టింగ్ గుర్తుండదు, స్టార్ట్ ఎవరో ఒకరు నొక్కాలి. తిప్పే నాబ్ ఉన్న పాత రకమే స్మార్ట్ ప్లగ్‌కి పలుకుతుంది. కానీ అసలు సమస్య ప్లగ్ కాదు, పాలు. 4 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా జోరుగా పెరుగుతుంది. పాలు, గుడ్లు ఉన్నదాన్ని ఆ వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదన్నది అమెరికా వ్యవసాయ శాఖ సూచన. మీరు ఏడు గంటలు ఉంచబోయారు. రాత్రి కళ్లముందే వండి ఫ్రిజ్‌లో పెట్టండి, పుడ్డింగ్ చల్లగానే బాగుంటుంది. డబ్బా గుమ్మడి గుజ్జు కొనేటప్పుడు లేబుల్ చదవండి. 'పై ఫిల్లింగ్' అని ఉంటే అందులో చక్కెర ముందే కలిపేసి ఉంటుంది.

ప్రశ్న: ఇన్‌స్టంట్ పాట్‌లో (కరెంటు ప్రెషర్ కుక్కర్) స్లో కుక్ బటన్ ఉంది కదా, వేరే కుక్కర్ కొనాలా?

జవాబు: అక్కర్లేదు. అయితే అది అడుగు నుంచే వేడెక్కుతుంది, స్లో కుక్కర్‌లా చుట్టూ గోడల నుంచి కాదు. దాని 'లెస్' మీద పండ్లు సరిగా ఉడకవు, 'నార్మల్' లేదా 'మోర్' పెట్టండి. ప్రెషర్ మూత బదులు గాజు మూత వాడండి. బేరి పండ్లలో (పేర్) బాస్క్ రకం ఇందులో ఆకారం చెడకుండా వస్తుంది.

ప్రశ్న: ఒకే యాపిల్ డెజర్ట్‌కి రెండు యాప్‌లు రెండు రకాల కేలరీలు చూపిస్తున్నాయి. ఏది నమ్మాలి?

జవాబు: పేరుతో వెతికితే ఏదీ నమ్మొద్దు. మైఫిట్‌నెస్‌పాల్ లాంటి వాటిలో చాలా ఎంట్రీలు వాడకందారులే రాసినవి, వాళ్లు ఎంత వెన్న వేశారో మనకి తెలియదు. 'రెసిపీ' అనే ఆప్షన్‌లోకి వెళ్లి పచ్చి సరుకుల బరువు గ్రాముల్లో ఎక్కించండి. వండాక మొత్తం గిన్నె తూచి, ఖాళీ గిన్నె బరువు తీసేసి, మీ కప్పులోది ఎంత భాగమో చూడండి. క్రోనోమీటర్ అనే యాప్ ప్రయోగశాల లెక్కల మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఏదీ వద్దనుకుంటే అమెరికా వ్యవసాయ శాఖ ఫుడ్‌డేటా సెంట్రల్ ఉచితమే.

ప్రశ్న: మా అక్క అమెరికా నుంచి వస్తోంది. అక్కడ స్లో కుక్కర్లు చవక, ఒకటి తెమ్మననా? – హైదరాబాద్

జవాబు: వద్దనండి. అది 120 వోల్టులది, మన దగ్గర 230. వేడి వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్) బట్టి పెరుగుతుంది కాబట్టి 240 వాట్ల కుక్కర్ ఇక్కడ దాదాపు 880 వాట్లు లాగబోయి కాలిపోతుంది. దుకాణంలో దొరికే చిన్న ప్లగ్ అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుంది కానీ వోల్టేజీ మార్చదు. ఫోన్ ఛార్జర్ పనిచేసిందంటే దాని మీద 100–240 అని రాసి ఉంటుంది, అందుకని. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనొచ్చు, కానీ కిలోల బరువు, కుక్కర్‌తో పోటీపడే ధర. ఇక్కడే 230 వోల్టుల మోడళ్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. డెజర్ట్ కోసమే అయితే అదీ అనవసరం. ఈ కాలంలో సీతాఫలానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. హిమాచల్, కశ్మీర్ యాపిల్స్ అయితే మందపాటి అడుగున్న గిన్నెలో మూతపెట్టి, సిమ్‌లో పాతిక నిమిషాలు ఉంచితే సరిపోతుంది.