ఐదు నిమిషాల్లో కొట్టేసిన అప్పీలు

ప్రశ్న: మా తాత కాలం నుంచి చేనికి పోయే బండిబాటను పక్క చేనోళ్ళు ముళ్ళకంప వేసి మూసేస్తే కేసు వేశాం. గుంతకల్లులో కింది కోర్టు మాకే డిక్రీ ఇచ్చింది. వాళ్ళు అప్పీలుకు పోతే తీర్పు తిరగబడింది. మేం హైకోర్టులో సెకండ్ అప్పీల్ వేసి, రాత్రంతా బస్సులో కూర్చుని అమరావతి పోతే, అవతలి వాళ్ళకు నోటీసు కూడా లేకుండా ఐదు నిమిషాల్లో కొట్టేశారు. మా సాక్షులు చెప్పింది చదవనే లేదు సార్. రివ్యూ వేద్దామా, సుప్రీంకోర్టుకు పోదామా?
ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: సాక్షులు ఏం చెప్పారో మళ్ళీ తూకం వేయడం సెకండ్ అప్పీల్లో హైకోర్టు పని కాదండీ. ఈ మాట మీకు ముందే ఎవరైనా చెప్పుంటే బస్సు చార్జీలన్నా మిగిలేవి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌ను 1976లో సవరించినప్పటి నుంచి సెక్షన్ 100 కింద చూసేది ఒక్కటే, కేసులో సబ్‌స్టాన్షియల్ క్వశ్చన్ ఆఫ్ లా, అంటే తేల్చక తప్పని చట్టపరమైన ప్రశ్న ఉందా లేదా అని. బాట పాతదా కొత్తదా, దాని మీద బండ్లు తోలారా లేదా అన్నవి జరిగిన సంగతులు, వాటి మీద మామూలుగా ఆఖరి మాట మొదటి అప్పీలు కోర్టుదే. చట్టపరమైన ప్రశ్న లేదనుకుంటే అడ్మిషన్ దగ్గరే, అంటే అప్పీలు విచారణకు తీసుకోవాలా వద్దా అని చూసేటప్పుడే, అవతలి వాళ్ళను పిలవకుండానే కొట్టేయొచ్చు.

అయితే మీ కేసులో ఒక మెలిక ఉంది. మీది తిరగబడిన తీర్పు. కింది జడ్జి చూపిన కారణాలకు జవాబు చెప్పకుండా అప్పీలు కోర్టు ఊరికే తీర్పు మార్చేయకూడదని సుప్రీంకోర్టు 2001లో సంతోష్ హజారీ కేసులో చెప్పింది. రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుని, చదివేవాళ్ళను ఒకరిని కూర్చోబెట్టుకుని చూడండి. కింది కోర్టు, చేను చూసి రమ్మని తాను పంపిన కమిషనర్ రిపోర్టునో సర్వే పటాన్నో నమ్మి డిక్రీ ఇచ్చుంటే, అప్పీలు తీర్పులో దాని ఊసే లేకపోతే, అది చట్టపరమైన ప్రశ్నే. మీ లాయరు ఆ సంగతి గ్రౌండ్స్‌లో, అంటే అప్పీలుకు చూపే కారణాల్లో, రాశారా? 'సాక్ష్యాన్ని సరిగా చూడలేదు' అని ఒక్క ముక్క రాసి వదిలేసుంటే ఐదు నిమిషాలే ఎక్కువ.

రివ్యూ మీద, అంటే అదే హైకోర్టు తన తీర్పును మళ్ళీ చూసుకుంటుందని, ఆశ పెట్టుకోకండి. గడువు 30 రోజులు, అదీ తీర్పులో పైకే కనబడే పొరపాటుకో, ఎంత వెతికినా అప్పట్లో దొరకని కొత్త ఆధారానికో తప్ప మళ్ళీ వాదించుకోవడానికి కాదు. సుప్రీంకోర్టుకు 90 రోజుల గడువుంది, కానీ రాజ్యాంగంలోని ఆర్టికల్ 136 కింద విచారణకు తీసుకోవడం వాళ్ళ ఇష్టం, మన హక్కు కాదు. పైన చెప్పిన మెలిక తీర్పుల్లో దొరికి, అది మీ గ్రౌండ్స్‌లో ఉన్నా హైకోర్టు పట్టించుకోకపోతేనే ఢిల్లీ ఖర్చు పెట్టుకోండి.

దొరక్కపోతే పెద్దమనుషులను తోడు తీసుకుపోయి, బాటకు కావలసిన రెండు మూడు సెంట్లు అమ్ముతారేమో అడగండి. ఒప్పుకుంటే నోటి మాటతో సరిపెట్టకుండా రిజిస్టర్ చేయించుకోండి. ఈలోగా ఆ ముళ్ళకంప మీరే పీకబోయి క్రిమినల్ కేసు నెత్తికెత్తుకోవద్దు.