మీ అత్తగారి ఊళ్ళో కంప్యూటర్ క్లాసు పెట్టే ముందు

చి.ల.సౌ. బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాను రెండుసార్లు చదివాను. మీ కంపెనీ వాళ్ళు పది పాత ల్యాప్‌టాప్‌లు ఇస్తామన్నారని, మీ అత్తగారి ఊళ్ళో హైస్కూలు పిల్లలకి శని, ఆదివారాలు క్లాసులు పెడతానని రాశావు. చాలా సంతోషం. పన్నెండు వారాల్లో పైథాన్ ప్రోగ్రామింగ్, వెబ్‌సైట్, మెషిన్ లెర్నింగ్ అన్నీ అయిపోయి చివర్న హ్యాకథాన్, అదే జట్లుగా కూర్చుని ప్రోగ్రాములు రాసే పోటీ, కూడా ఉంది. అక్కడికొచ్చేసరికి నాకు నవ్వాగలేదు. మీ అత్తయ్య కాఫీ గ్లాసు పట్టుకుని ఏమైందని అడిగింది కూడా.

నేను లెక్కల మాస్టర్ని. కంప్యూటర్ నాకెవరూ నేర్పలేదు. రిటైరయ్యే ముందు ఆరేళ్ళు, తర్వాత ఎనిమిదేళ్ళు మన ఊరి లైబ్రరీ హాల్లో ఆదివారం క్లాసు నడిపాను. అందులో సగం కాలం తప్పులు చేస్తూనే నడిపాను. అవి నువ్వు మళ్ళీ చెయ్యక్కర్లేదని ఈ ఉత్తరం.

ముందు ఆ గది తాళం ఎవరి దగ్గరుంటుందో తేల్చుకో. మా బడికి ఒకప్పుడు కంప్యూటర్లు వచ్చాయి. నేర్పే పని ఒక ఏజెన్సీకి ఐదేళ్ళ కాంట్రాక్టు. అది అయిపోయాక నేర్పేవాళ్ళు వెళ్ళిపోయారు, గదికి తాళం పడింది. మళ్ళీ తీసేసరికి సీపీయూల్లో ఎలకలు కాపురం పెట్టాయి. నువ్వుండేది హైదరాబాదులో. నెలకి రెండుసార్లు రావడమే గొప్ప. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఊళ్ళో ఉండే మనిషి ఒకరు కావాలి. డిగ్రీ చదివి పెళ్ళై వచ్చి ఇంట్లో ఉన్న కోడలు పిల్ల ఎవరైనా ఉందేమో చూడు, లేకపోతే గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటుని అడుగు. నెలకి ఎంతో కొంత ఇవ్వు. ఊరికే చేయమంటే రెండో నెల రారు, అందులో వాళ్ళ తప్పేం లేదు.

పది ల్యాప్‌టాప్‌లలో రెండు పక్కన పెట్టేయ్. ఏదో ఒకటి ఎప్పుడూ చెడిపోయే ఉంటుంది. మిగతావాటికి 4 జీబీ ర్యామ్ ఉంటే చాలు, విండోస్ బదులు లినక్స్ మింట్ వేయించు. పాత మెషిన్ల మీద చురుగ్గా నడుస్తుంది, పెన్‌డ్రైవ్‌లతో వచ్చే వైరస్ గోల తక్కువ. పైథాన్ రాయడానికి థానీ అని ఒక ఎడిటర్ ఉంది. ఎస్టోనియాలో టార్టు యూనివర్సిటీ వాళ్ళు కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసమే చేశారు. నెట్ అక్కర్లేదు. ఒక్కో లైను నడుస్తుంటే ఏ పేరులో ఏ విలువ ఉందో పక్కనే చూపిస్తుంది. నువ్వు ఆఫీసులో వాడేవి ఇంకా గొప్పవే కావచ్చు, వాటిని మాత్రం ఇక్కడికి తేకు.

ఇక కూర్చోబెట్టడం. ఎనిమిది మెషిన్లు, ఇరవై నాలుగు మంది పిల్లలు. ముగ్గురికొకటి. మొదటి ఏడాది నేనూ అలాగే కూర్చోబెట్టి, బోర్డు మీద రాసి, అందరికీ వచ్చేసిందనుకున్నాను. దసరా ముందు ఒక్కొక్కళ్ళనీ విడిగా పిలిచి చిన్న పని చెప్తే తెలిసింది: ముగ్గురిలో ఒకడే మౌస్ పట్టుకుంటున్నాడు. రెండోవాడు చూస్తున్నాడు. మూడో పిల్ల, ఎప్పుడూ ఆడపిల్లే, వెనక నిలబడి నోట్సు రాసుకుంటోంది. ఆ నోట్సు ముత్యాల్లాంటి అక్షరాలు. కీబోర్డు మీద ఆమె చెయ్యి నాలుగు నెలల్లో ఒక్కసారీ పడలేదు. నేను అదే హాల్లో ఉండి చూడలేదు. ఆ రోజు సిగ్గేసింది. తర్వాత వారం వంటింట్లోంచి అలారం గడియారం పట్టుకెళ్ళాను. పదిహేను నిమిషాలకి గంట కొడితే లేవాలి, పక్కవాళ్ళు కూర్చోవాలి. పక్కనున్నవాళ్ళు నోటితో చెప్పొచ్చు, చెయ్యి పెట్టకూడదు. ఈ ఒక్క రూలు మీద మాత్రం మొహమాటపడకు. సర్పంచి గారి మనవడైనా లేవాల్సిందే.

ఆ నోట్సు పిల్ల తర్వాత నూజివీడు ట్రిపుల్ ఐటీకి వెళ్ళింది. దానికి మార్కులు కారణం, నా క్లాసు కాదు. కానీ అక్కడ మొదటి రోజు ల్యాబులో భయపడలేదని వాళ్ళమ్మ చెప్పింది.

మొదటి నెల అసలు మెషిన్లు తీయకపోయినా ఫరవాలేదు. కరెంటు పోయే ఊళ్ళలో ఇది మరీ పనికొస్తుంది. న్యూజిలాండ్‌లో టిమ్ బెల్ అనే ప్రొఫెసరు, తోటివాళ్ళు కలిసి కంప్యూటర్ లేకుండా కంప్యూటర్ సైన్స్ నేర్పే ఆటలు తయారుచేశారు. అందులో ఒకటి చుక్కల కార్డులు. నేను చింతపిక్కలతో చేశాను. ఐదుగురు పిల్లల ముందు వరసగా 16, 8, 4, 2, 1 చొప్పున పిక్కల కుప్పలు. కుప్ప మీద గిన్నె మూస్తే సున్నా, తీస్తే ఒకటి. 13 చూపించమంటే 8, 4, 1 తీయాలి. ఒకడు లేచి "మాస్టారూ, మా తాత వయసు ఎలాగండీ?" అన్నాడు. 31 దాటితే ఆరో కుప్ప కావాలని, దాంట్లో 32 పిక్కలుండాలని వాళ్ళే కనిపెట్టారు. ఇలా సున్నా, ఒకట్లతోనే అంకెలు రాయడాన్ని బైనరీ అంటారని నేను ఆ తర్వాతి వారం చెప్పాను.

ఇంకోటి తక్కెడ ఆట. కిరాణా కొట్లోంచి పాత తక్కెడ తెచ్చి, ఒకేలా కనిపించే ఎనిమిది డబ్బాల్లో వేర్వేరు బరువుల ఇసక పోసి, తేలికైన దాని నుంచి బరువైన దాకా పేర్చమన్నాను. ప్రతిసారీ మిగిలినవాటిలో తేలికైనది వెతుక్కుంటూ పోతే 28 సార్లు తూచాలి. రెండేసి తూచి జతలు చేసి, ఆ జతల్ని కలుపుకుంటూ పోతే ఎంత కలిసిరాకపోయినా 17 దాటదు. డబ్బాలు పదహారైతే మొదటి పద్ధతికి 120, రెండోదానికి మహా అయితే 49. ఈ లెక్క నల్లబల్ల మీద పడ్డప్పుడు పిల్లల ముఖాలు చూడాలి నువ్వు. మీరు ఇంజనీరింగ్‌లో అల్గారిథమ్స్ అని బట్టీపట్టింది ఇదేగా. చురుకైనవాళ్ళు ఇద్దరు ముగ్గురు దొరికితే జోనల్ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్ అని బడి పిల్లలకి పెట్టే కంప్యూటర్ సైన్స్ పోటీ పాత పేపర్లు ఇవ్వు. అది కాగితం, పెన్నుతో రాసే పరీక్షే, ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. సెలెక్ట్ అవుతారని కాదు, ఆ లెక్కల రుచి వేరు.

ప్రోగ్రామింగ్ మొదలుపెట్టాక నాకు తగిలిన పెద్ద దెబ్బ ఒకటి చెప్తాను. పుస్తకంలో ఎక్స్ = ఎక్స్ + 1 అని ఉంది. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, అచ్చుతప్పనుకుని పెన్నుతో కొట్టేశాను! అటు ఎక్స్, ఇటు ఎక్స్ పోతే సున్నా ఈక్వల్ టు ఒకటి అవుతుంది కదా. తొమ్మిదో తరగతి పిల్లలకీ సరిగ్గా ఇక్కడే కాలు జారుతుంది, ఎందుకంటే అప్పుడప్పుడే మేం వాళ్ళకి సమీకరణాలు నేర్పుతుంటాం. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంతో చెప్పు. పాత బాకీకి ఇవాళ్టి నలభై కలిపి కొత్త బాకీ రాసుకుంటాడు, పాతది కొట్టేస్తాడు. అంతే. పైథాన్‌లో పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు, బాకీ = బాకీ + 40 అని రాసినా నడుస్తుంది. మొదట్లో అలా రాయనివ్వు. ఇంగ్లీషు భయం, ప్రోగ్రామ్ భయం రెండూ ఒకేసారి పెట్టకు. తర్వాత ఎర్రర్ వచ్చినప్పుడు చివరి లైను ముందు చదవడం, తెలియని మాట నోట్సులో రాసుకోవడం అలవాటు చెయ్యి. అలా పోగైన ఇంగ్లీషే వాళ్ళకి నిలుస్తుంది.

ఇప్పుడు ఫోన్లో ఏఐని అడిగితే ప్రోగ్రామ్ రాసిచ్చేస్తోంది, ఇంకేం నేర్పాలని నువ్వే రాశావు. వాడొద్దంటే వాళ్ళు మానరు. నేను చివరి రెండేళ్ళూ ఒకటే చేశాను: రన్ నొక్కే ముందు తెర మీద ఏం వస్తుందో కాగితం మీద రాసి నాకు చూపించాలి. తప్పు రాసినా సరే. రాయకుండా నొక్కితే లేచిపోవాలి. ప్రోగ్రామ్ ఎక్కణ్ణించి తెచ్చుకున్నాడో నేను అడగను.

ఇక నీ ప్లానులో ఒక్క లైను కూడా లేని విషయం. పదో తరగతి తర్వాత ఏమిటి? క్లాసు పన్నెండు వారాల్లో అయిపోతుంది. పిల్లలు జారిపోయేది ఆ తర్వాత, మే నుంచి ఆగస్టు మధ్యలో. అసలు పని ఆ నాలుగు నెలలే.

దారులు మూడు నాలుగున్నాయి, ఊళ్ళో చాలామందికి ఒకటే తెలుసు: ఇంటర్ ఎంపీసీ, ఆ తర్వాత ఈఏపీసెట్. ఆర్‌జీయూకేటీ అనే యూనివర్సిటీ కింద ఉండే ట్రిపుల్ ఐటీలు 2008లో మొదలయ్యాయి. మన వైపు నూజివీడు, ఇడుపులపాయ, తర్వాత ఒంగోలు, శ్రీకాకుళం వచ్చాయి. ఎంట్రన్స్ లేదు, పదో తరగతి మార్కుల మీదే సీటు, అక్కడే ఉండి ఆరేళ్ళ చదువు. ప్రభుత్వ బడి పిల్లలకి మార్కులు కొంత కలుపుతారు. చిత్తూరు జిల్లా కాటూరులో రైతు ఇంట పుట్టి, ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కి, 1994లో కంప్యూటర్ సైన్సులో అన్నిటికంటే పెద్దదైన ట్యూరింగ్ అవార్డు తెచ్చుకున్న రాజ్ రెడ్డి గారు ఆ యూనివర్సిటీకి ఛాన్సలర్‌గా చేశారు. పిల్లలకి ఆయన గురించి చెప్పు, ఏ సినిమా హీరో కంటే శ్రద్ధగా వింటారు.

పాలిటెక్నిక్‌ని చిన్నచూపు చూడనివ్వకు. పాలీసెట్ రాసి మూడేళ్ళ డిప్లొమా చేస్తే ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఇంట్లో డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళకి ఇదే క్షేమం, మధ్యలో ఆగినా చేతిలో డిప్లొమా ఉంటుంది. ఇంటర్ అయినవాళ్ళకి ఐఐటీ మద్రాసు వాళ్ళ డేటా సైన్స్ బీఎస్ డిగ్రీ ఉంది, క్లాసులు 2021లో మొదలయ్యాయి. జేఈఈ అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు విని, సెంటర్‌కి వెళ్ళి క్వాలిఫయర్ అనే అర్హత పరీక్ష రాయాలి. వేరే డిగ్రీ చేస్తూ కూడా చదువుకోవచ్చు, ఆదాయం తక్కువైతే ఫీజు తగ్గిస్తారు. కానీ పాఠాలు ఇంగ్లీషులో, వారం వారం అసైన్‌మెంట్లు. వెనక నిలబడి తోసే మనిషి లేకపోతే మన పిల్లలు నిలవడం కష్టం. ఆ మనిషివి నువ్వు కాగలిగితేనే చెప్పు.

ఒక కుర్రాడి సంగతి రాస్తాను. నా క్లాసులో అందరికంటే ముందుండేవాడు. ఎంసెట్‌లో, అదే ఇప్పటి ఈఏపీసెట్‌లో, మంచి ర్యాంకే వచ్చింది. తండ్రి మిరపకాయల కమిషన్ కొట్లో హమాలీ. వెబ్ ఆప్షన్లు పెట్టడానికి నెట్ సెంటర్‌కి వెళ్ళారు. ఫోన్ నంబరు ఎవరిదివ్వాలంటే సెంటర్ అతను తనదే ఇచ్చేశాడు, ఓటీపీలు అతనికే. కాలేజీల వరస కూడా అతనే పెట్టాడు. అతనికి ఏదో ఒక కాలేజీ నుంచి మనిషికింతని ముడుతుందని తర్వాత తెలిసింది. ఆ కాలేజీలోనే సీటొచ్చింది, అక్కడ ల్యాబులో మా లైబ్రరీ హాల్లో ఉన్నన్ని మెషిన్లు లేవు. నాకు తెలిసేసరికి గడువు దాటిపోయింది. ఆ వారం నేను మీ అమ్మమ్మ సంవత్సరీకానికి వేరే ఊళ్ళో ఉన్నాను. పద్నాలుగేళ్ళలో నన్ను ఇంకా కుదిపేది అదే.

అందుకని చెప్తున్నాను, మే నెలలో లీవు దాచుకో. తొమ్మిదో తరగతిలోనే ప్రతి పిల్లకీ సొంత మెయిల్ ఐడీ చేయించి, పాస్‌వర్డు కాగితం మీద రాయించి వాళ్ళమ్మ ట్రంకు పెట్టెలో పెట్టించు. నంబరు ఇంట్లో వాళ్ళదే, రీఛార్జ్ ఆపకూడదు. ఆధార్‌లో పేరు, టెన్త్ మెమోలోకి వెళ్ళే బడి రికార్డులో పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా పది రాయకముందే సరిచేయించు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు, స్టడీ సర్టిఫికెట్లు ముందే ఒక కవర్లో పెట్టించు. ఆప్షన్ల రోజున నీ ల్యాప్‌టాప్ ముందు తల్లినీ తండ్రినీ కూర్చోబెట్టి, పిల్లవాడి చేత్తోనే వరస పెట్టించు. బ్రాంచి కోసం మరీ కొట్టుకోవద్దు, చెత్త కాలేజీలో సీఎస్ఈ కంటే మంచి కాలేజీలో ఈసీఈ మేలని నా అభిప్రాయం. నీకు వేరే అభిప్రాయం ఉంటే వాళ్ళ ముందు మాత్రం నాతో వాదించకు!

టైమింగులు కూడా మార్చు. సాయంత్రం ఐదున్నర అని రాశావు, ఆడపిల్లలు రారు. పొద్దున్న ఏడు నుంచి తొమ్మిదిన్నర పెట్టు. రెంటచింతల వైపు ఎండలు నీకు చెప్పాలా, ఏప్రిల్లో పొద్దున్న పది గంటలు దాటాక రేకుల గదిలో మనుషులకంటే ముందు ల్యాప్‌టాప్‌లే పడిపోతాయి. ఫిబ్రవరి, మార్చి మిరప కోతలకి సగం మంది రారు, వాళ్ళ మీద కోప్పడకు, ఆ రెండు నెలలూ పదో తరగతి వాళ్ళ రివిజన్‌కి వదిలెయ్యి. తల్లిదండ్రులు సాఫ్ట్‌వేర్ జాబ్ వస్తుందా అని అడుగుతారు. వస్తుందని మాటివ్వకు. మీ ఆఫీసులో మొన్న ఎంతమందిని తీసేశారో నీకు తెలుసుగా.

హ్యాకథాన్ కావాలంటే పెట్టుకో, పిల్లలకి సరదాగా ఉంటుంది. బిర్యానీ ఖర్చు నాది.

వచ్చే ఆదివారం మీ అత్తగారి ఊరు వస్తాను. బస్సు దిగేసరికి ఎనిమిదవుతుంది. గదిలో ప్లగ్ పాయింట్లు ఎన్నున్నాయో, ఎర్తింగ్ ఉందో లేదో ఈలోపు ఎలక్ట్రీషియన్‌కి చూపించి పెట్టు. చింతపిక్కలు, తక్కెడ, అలారం గడియారం అటక మీద ఉన్నాయి, దింపించి తెస్తాను. గడియారానికి బ్యాటరీ నువ్వు కొని ఉంచు.

మీ మావయ్య