ఫాస్ట్ చార్జింగ్ ప్యాక్ కడుతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. 65 వాట్ల ఫాస్ట్ చార్జింగ్ మాడ్యూలు (చార్జింగ్ సర్క్యూట్ బోర్డు), పక్కన మూడు లిథియం సెల్స్, ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా. హాస్టల్లో కరెంటు పోయినప్పుడు ఫోనుకీ ల్యాప్‌టాప్‌కీ పనికొచ్చేలా పవర్ బ్యాంకు సొంతంగా కట్టుకుంటానన్నావు. చాలా సంతోషం వేసింది. మన ఇళ్ళల్లో సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నది ఇన్నేళ్ళూ నేనొక్కణ్ణే. అందుకే ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు, కూర్చుని రాస్తున్నాను. ఇది చివరిదాకా చదివేవరకు ఆ మాడ్యూలుకు సెల్స్ తగిలించకు.

షాపులో అందరూ ముందు అడిగేది మాడ్యూలు ఎన్ని వాట్లని. నువ్వు సెల్ దగ్గర్నుంచి లెక్క మొదలుపెట్టు. ఒక్కో సెల్ ఎన్ని యాంప్స్ తీసుకోగలదో దాని డేటాషీట్‌లో, అంటే తయారీ కంపెనీ ఇచ్చే వివరాల కాగితంలో ఉంటుంది. ఉదాహరణకు శాంసంగ్ 25ఆర్ అనే 2500 ఎంఏహెచ్ (మిల్లీయాంప్ అవర్, సెల్ కెపాసిటీ కొలత) సెల్‌కు మామూలు చార్జింగ్ 1.25 యాంప్స్, తొందరగా కావాలంటే 4 యాంప్స్ దాకా ఇవ్వచ్చు. అదే కంపెనీ 35ఈ చూడు. కెపాసిటీ ఎక్కువ, 3500 ఎంఏహెచ్. కానీ మామూలు చార్జింగ్ 1.7 యాంప్స్, ఎంత తొందరైనా 2 యాంప్స్ దాటకూడదు. ఎక్కువ పట్టే సెల్ ఎక్కువ వేగంగా నిండుతుందని అనుకుంటే పొరపాటు. డేటాషీట్ దొరకని సెల్ అయితే దాని కెపాసిటీలో సగం లెక్క పెట్టుకో. 2500 అయితే 1.25 యాంప్స్. అంతకు మించొద్దు.

ఇప్పుడు నీ ఫొటోలో ఉన్నది లెక్క వేద్దాం. 65 వాట్లలో మాడ్యూలు వేడికి ఒక పది శాతం పోయిందనుకో, 58 వాట్లు సెల్స్ వైపు వెళ్తాయి. మూడు సెల్స్ సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్ ఇంకోదాని మైనస్‌కు కలిపి ఉంటే, ఒక్కోటి 3.7 చొప్పున వోల్టేజీ 11.1. భాగిస్తే సుమారు 5.2 యాంప్స్. సిరీస్‌లో వాటాలు ఉండవు, ఆ 5.2 యాంప్స్ ప్రతి సెల్ గుండా పూర్తిగా వెళ్తుంది. 25ఆర్‌కే అది ఎక్కువ, 35ఈ అయితే రెండున్నర రెట్లు. అది మొదటి రోజే పేలిపోతుందని నేను అనను. కానీ నెలల్లో చచ్చిపోతుంది, చచ్చేముందు ఎలా ప్రవర్తిస్తుందో ఎవరూ చెప్పలేరు.

అదే నాలుగు సెల్స్ ప్యారలల్‌లో, అంటే ప్లస్‌లన్నీ ఒకచోట, మైనస్‌లన్నీ ఒకచోట కట్టి, ఐపీ5328పీ లాంటి చిప్ ఉన్న 18 వాట్ల మాడ్యూలు పెట్టావనుకో. పది శాతం పోను 16 వాట్లు, 3.7తో భాగిస్తే 4.4 యాంప్స్. నాలుగు సెల్స్ పంచుకుంటే ఒక్కోదానికి 1.1 యాంప్. సెల్స్‌కు అది పెద్ద భారమే కాదు, హాయిగా తీసుకుంటాయి. ప్యాక్ మాత్రం నాలుగు గంటల్లో నిండిపోతుంది. చవగ్గా దొరికే టీపీ4056 బోర్డుతో అయితే అది ఇచ్చేదే గరిష్ఠంగా ఒక యాంపు కాబట్టి, 35ఈ సెల్స్ నాలుగు నిండడానికి 14 గంటలు దాటుతుంది. ఫాస్ట్ చార్జింగ్ మాడ్యూలు వల్ల నిజమైన లాభం ఇక్కడే ఉంది అమ్మడూ: ప్యాక్ పెద్దది, వేగం ఉంది, సెల్స్‌కు శ్రమ లేదు.

ల్యాప్‌టాప్ సంగతి ఏంటంటావు. 18 వాట్లతో అది నడవదు. దానికి నీ 65 వాట్ల మాడ్యూలే కావాలి. కానీ మూడు సెల్స్‌తో కాదు, తొమ్మిది. మూడేసి ప్యారలల్, అలాంటి మూడు వరసలు సిరీస్. అప్పుడు ఒక్కో సెల్‌కు 1.7 యాంప్స్ చొప్పున పడుతుంది. దానికి 25ఆర్ సెల్సే తీసుకో. 35ఈ అయితే మామూలు చార్జింగ్ హద్దు దగ్గరే ఎప్పుడూ నడుస్తుంటుంది. ఆ పని తర్వాత చేద్దువుగాని, ముందు నాలుగు సెల్స్ ప్యారలల్ ప్యాక్ కట్టు. ఎందుకలా అంటున్నానో నాకు జరిగింది చెప్తాను.

కొన్నేళ్ళ క్రితం తోపుడు బండి మీద పళ్ళు అమ్ముకునే ఒకాయన లైటుకీ స్పీకరుకీ ప్యాక్ కట్టమన్నాడు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోంచి తీసిన మూడు సెల్స్ సిరీస్‌లో పెట్టి, ఫాస్ట్ మాడ్యూలు తగిలించాను. బీఎంఎస్, అంటే ఒక్కో సెల్ వోల్టేజీ చూసి హద్దు దాటితే ఆపేసే బోర్డు, పెట్టలేదు. మాడ్యూలు 12.6 వోల్టుల దగ్గర, ఒక్కో సెల్‌కు హద్దు 4.2 చొప్పున, ఆగుతుంది కదా, చాల్లే అనుకున్నాను. మే నెల, మధ్యాహ్నం. కాసేపటికి చూస్తే మధ్య సెల్ పైన ఉన్న ప్లాస్టిక్ తొడుగు, ప్లస్ వైపు అంచు దగ్గర, పాలమీద మీగడలా ముడతలు పడుతోంది. వేలు పెడితే చురుక్కుమంది. ప్లగ్ పీకి, పట్టకారుతో పట్టుకుని పెరట్లో ఇసకలో పెట్టాను. ప్లగ్ పీకే ముందు మీటరుతో కొలిచిన అంకెలు ఇప్పటికీ నా నోట్‌బుక్‌లో ఉన్నాయి: 4.05, 4.12, 4.43. కలిపి చూడు, సరిగ్గా 12.60. మాడ్యూలుకు కనిపించేది మొత్తమే. దాని దృష్టిలో అంతా సవ్యంగా ఉంది. లోపల ఒక సెల్ మాత్రం 4.2 దాటి ఎక్కడికో పోయింది. ఆ పెద్దాయన దాన్ని బండి మీద పెట్టుకుని తిరగాల్సినవాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ప్యారలల్‌లో ఈ గొడవ ఉండదు. నాలుగు సెల్స్‌దీ ఒకటే వోల్టేజీ, మాడ్యూలు చూసేదీ అదే. సిరీస్ కట్టిన రోజున మాత్రం ప్రతి సెల్ వరసకూ తీగ వెళ్ళే బీఎంఎస్ ఉండి తీరాలి, అదీ సెల్స్ వోల్టేజీలను సమం చేసే బ్యాలెన్స్ ఉన్నది. చవక బోర్డుల్లో బ్యాలెన్స్ కరెంటు యాభై మిల్లీయాంప్స్ అటూ ఇటూగా ఉంటుంది. కాబట్టి మొదట్నుంచీ తేడా ఉన్న సెల్స్‌ను అది సరిచేస్తుందని ఆశ పెట్టుకోకు. ఇంకో మాట, బీఎంఎస్ చార్జర్ కాదు. అది 4.25, 4.28 దగ్గర తలుపు మూసే కాపలా మాత్రమే. ఎక్కడినుంచో అడాప్టర్ తెచ్చి నేరుగా బీఎంఎస్‌కు తగిలించి, అదే ఆపుతుందిలే అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. నువ్వు ఆ పని చెయ్యకు.

ప్యారలల్ కట్టేటప్పుడు కూడా ఒక జాగ్రత్త ఉంది. ఒక సెల్ 4.1లో, ఇంకోటి 3.5లో ఉండగా కలిపేస్తే, రెండిటి లోపలి రెసిస్టెన్స్ కలిపి 60 మిల్లీ ఓమ్స్ అనుకున్నా, 10 యాంప్స్ ఒక్కసారిగా దాంట్లోంచి దీంట్లోకి దూకుతుంది. ముందు అన్నిటినీ విడివిడిగా ఫుల్ చార్జ్ చేసి, ఒక రోజు పక్కన పెట్టి, తేడా 0.05 వోల్టు లోపల ఉంటేనే కలుపు. ఆ ఒక్క రోజులో ఏ సెల్ అయినా తనంతట తానే బాగా దిగిపోతే దాన్ని తీసి పక్కన పెట్టు.

బోరింగు దగ్గర బిందె పట్టడం నీకు తెలుసుగా. అడుగు నుంచి భుజం దాకా గట్టిగా కొడతాం, మెడ దగ్గరకొచ్చేసరికి నెమ్మదిస్తాం, లేకపోతే చిందుతుంది. లిథియం సెల్ చార్జింగ్ అంతే. మొదట కరెంటు స్థిరంగా వెళ్తుంది, 4.2 వోల్టులు తాకాక వోల్టేజీ అక్కడే నిలిచి కరెంటు తగ్గుతూ వస్తుంది. కాబట్టి 80 శాతం తర్వాత నెమ్మదించిందని మాడ్యూలును తప్పు పట్టకు.

ఆ 4.2 అనే అంకె దగ్గర మాత్రం కచ్చితంగా ఉండు. చాలా చిప్‌లలో ఆ హద్దును 4.2, 4.3, 4.35, 4.4గా మార్చుకునే వీలుంటుంది. కొన్ని ఫోన్ బ్యాటరీలకు 4.35 కావాలి కాబట్టి ఆ సెట్టింగ్‌తో వచ్చే బోర్డులు ఉంటాయి. నీ సెల్స్ 4.2వే అయితే మొదటిసారి చివరిదాకా కూర్చుని, సెల్ మీదే మీటరు పెట్టి, ఎక్కడ ఆగిందో చూడు. సోలార్ లైట్లలో వాడే లావుపాటి ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ ఎవరైనా ఇస్తే వాటి హద్దు 3.65. ఈ మాడ్యూలు వాటికి అసలు పనికిరాదు.

ఇక వేడి. దీని గురించి ఎంత రాసినా తక్కువే, ముఖ్యంగా మన ఊళ్ళకు. మామూలు లిథియం సెల్‌ను 0 నుంచి 45 డిగ్రీల మధ్యే చార్జ్ చెయ్యాలి. చలిదేశాల్లో వాళ్ళ బాధ కింద హద్దుతో. మన బాధ పై హద్దుతో. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో నీడలోనే 44, 45 కొడుతుంటే, డబ్బాలో బిగించిన సెల్ ఇంకా చార్జ్ పెట్టకముందే హద్దు మీద నిలబడి ఉంటుంది. చార్జింగ్ మొదలైతే దాని సొంత వేడి మరో ఐదారు డిగ్రీలు. పక్కనే మాడ్యూలు చిప్, కాయిల్ కూడా కాలుతుంటాయి. అందుకే మాడ్యూలును సెల్స్ మీద అతికించకు. మధ్యలో ఖాళీ వదులు, డబ్బాకు మాడ్యూలు వైపు రెండు వరసల రంధ్రాలు పెట్టు. ఎండాకాలం తెల్లవారుజామున చార్జ్ పెట్టుకో. నిద్రపోతూ మంచం పక్కన పెట్టడం మాత్రం ఏ కాలంలోనూ వద్దు.

మాడ్యూలు మీద ఎన్‌టీసీ అని రాసిన రెండు చుక్కలుంటాయి, వెతుకు. అక్కడ 10 కిలో ఓమ్స్ థర్మిస్టర్ (వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గే చిన్న భాగం) ఉంటే సెల్ వేడెక్కినప్పుడు మాడ్యూలు తానే ఆపేస్తుంది. కానీ చవక బోర్డుల్లో చాలాసార్లు అక్కడ మామూలు రెసిస్టర్ ఒకటి అతికించి పంపుతారు. అంటే సెల్ ఎప్పుడూ చల్లగానే ఉందని మాడ్యూలుకు అబద్ధం చెప్తున్నట్టు. అలా ఉంటే ఆ రెసిస్టర్ పీకి, నిజమైన థర్మిస్టర్ కొని, పొడవాటి తీగలతో తెచ్చి, నాలుగు సెల్స్ మధ్యలో, బాగా వేడెక్కే చోట, వేడిని తట్టుకునే కాప్టన్ టేప్‌తో అంటించు. ఎంత విలువది పెట్టాలో ఆ చిప్ డేటాషీట్‌లో సరిచూసుకో. 10కే థర్మిస్టర్ 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్స్ చూపిస్తుంది, 45 దగ్గర దాదాపు సగానికి పడిపోతుంది. అరచేతిలో గట్టిగా పట్టుకుని మీటరు పెట్టు, అంకె దిగుతూ కనిపించాలి. పది రూపాయల వస్తువే, కానీ నీ ప్యాక్‌లో అన్నిటికంటే నాకు ముఖ్యమైనది అదే.

తీగల గురించి చిన్న మాట. సన్న తీగ పెడితే ఫాస్ట్ చార్జర్ కూడా నత్తలా నడుస్తుంది. తీగలో 20 మిల్లీ ఓమ్స్ ఉన్నా 4.4 యాంప్స్ దగ్గర 0.09 వోల్టు అక్కడే పోతుంది. సెల్ ఇంకా 4.11లో ఉండగానే మాడ్యూలు 4.2 వచ్చేసిందని అనుకుని కరెంటు తగ్గించేస్తుంది. 18 గేజ్ సిలికాన్ తీగ, వీలైనంత పొట్టిగా. ప్యాక్ ప్లస్ మీద ఒక ఫ్యూజు. సెల్స్ మీద నేరుగా ఐరన్ పెట్టొద్దు, నికెల్ స్ట్రిప్‌తో స్పాట్ వెల్డింగ్ చేయించు. బ్యాటరీలు రిపేరు చేసే షాపుల్లో చేసిపెడతారు. స్ట్రిప్ అసలు నికెలా, పూత పూసిన ఇనుమా అన్నది తెలియాలంటే ముక్క కత్తిరించి గీతలు పెట్టి ఉప్పునీళ్ళలో రాత్రంతా ఉంచు. తుప్పు పడితే ఇనుమే. ప్లస్ వైపు గుండ్రటి కాగితపు వాషర్ మరచిపోకు, సెల్ ఒళ్ళంతా మైనస్సే, ప్లస్ బొడిపె చుట్టూ ఉన్న అంచుతో సహా.

సెల్స్ కొనడానికి కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్తావు కదా. 9900 ఎంఏహెచ్ అని రాసినది కనిపిస్తే ఆ కొట్టులోనే ఏమీ కొనకు. ఈ సైజు (18650 అంటారు) సెల్‌లో నిజంగా పట్టేది 3500 దరిదాపుల్లోనే. మంచి సెల్ 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది, 30 గ్రాముల్లో ఉంటే లోపల సగం ఖాళీ. నాలుగూ ఒకే మోడల్, ఒకే బ్యాచ్ కావాలి. టైప్-సీ పోర్టు ఉన్న బోర్డు తీసుకుంటే, రెండు వైపులా సీ ఉన్న కేబుల్‌తో కూడా చార్జ్ అవుతోందో లేదో కొట్టులోనే చూపించమను. కొన్ని చవక బోర్డుల్లో 5.1 కిలో ఓమ్స్ రెసిస్టర్లు రెండు ఎగ్గొడతారు, అప్పుడు ఆ కేబుల్‌తో ఒక్క వోల్టు కూడా రాదు. యూఎస్‌బీ మీటరు ఒకటి తప్పకుండా కొను.

మొదటి చార్జింగ్ పగటిపూట, సిమెంటు నేల మీద, చుట్టూ గుడ్డా కాగితమూ లేకుండా. పక్కనే కూర్చుని పది నిమిషాలకోసారి వోల్టు, యాంపు, వేడి రాసుకో. చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడి అనిపించినా, తియ్యటి ఘాటు వాసన వచ్చినా ప్లగ్ పీకి గదిలోంచి బయటికి వచ్చెయ్. ఆ పొగ పీల్చకూడదు. పాడైన సెల్ చెత్తబుట్టలో వెయ్యకు, టెర్మినల్స్ మీద టేపు వేసి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకు ఇవ్వు.

ఒకవేళ సెలవులకు విమానంలో వస్తే ఈ ప్యాక్ తీసుకురాకు. చెకిన్ సామానులో పవర్ బ్యాంకు పెట్టనివ్వరు. చేతిసంచిలో 100 వాట్ అవర్స్ దాకా పర్వాలేదు కానీ, ఏ ముద్రా లేని సొంత ప్యాక్‌ను సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు.

సెల్స్ కొన్నాక వాటి మోడల్ నంబర్లు, ఒక రోజు ఆగాక నాలుగింటి వోల్టేజీలు, మాడ్యూలు వెనకవైపు దగ్గరగా తీసిన ఫొటో నాకు పంపు. చిప్ మీద అక్షరాలు కనిపించాలి. అవి చూసి నేను సరే అన్నాకే వెల్డింగ్‌కు ఇవ్వు. అమ్మను, నాన్నను అడిగానని చెప్పు.

మావయ్య
గుంటూరు