జున్నుగాడి వేషాలకి అర్థాలు

చిరంజీవి సాహితికి,
పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియోలన్నీ చూశాను. మీ కుక్కపిల్ల జున్నుగాడికి మూడు నెలలు నిండాయి, మీ ఇంట్లో చెప్పులకి రోజులు నిండాయి. వాడు చేసే ప్రతి కోతిపనికీ వాడి లెక్క వాడికి ఉంటుంది. అది తెలిస్తే దేనికి నవ్వుకోవచ్చో, దేన్ని ఇప్పుడే మాన్పించాలో, దేనికి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలో తేలిపోతుంది.

ముందు కొరుకుడు సంగతి. కుక్కపిల్లకి పాలపళ్లు 28. నాలుగో నెల నుంచి అవి రాలుతూ, ఏడో నెలకల్లా 42 గట్టిపళ్లు వస్తాయి. చిగుళ్లు సలుపుతుంటే ఏదో ఒకటి నమలాల్సిందే. చెప్పు దొరికితే చెప్పు, టీపాయి కాలు దొరికితే అదే. తిడితే సలుపు తగ్గదు కదా. పాత నూలు తువ్వాలు ముడివేసి, తడిపి, రెండు మూడు గంటలు ఫ్రీజర్‌లో పెట్టి ఇవ్వు. పోగులు ఊడుతుంటే తీసెయ్యి. చెప్పుల స్టాండుకి తలుపు పెట్టించు. "పాత చెప్పేగా, ఆడుకోనీ" అని మాత్రం ఇవ్వొద్దు. పాతదానికీ నిన్న కొన్నదానికీ తేడా వాడికేం తెలుసు, రెండింట్లోనూ మీ కాళ్ల వాసనే. సాక్సు ఎత్తుకుపోతే వెంటపడకు, వాడికి అదొక ఆట అయిపోతుంది. ఉడికించిన చికెన్ ముక్క ఒకటి చూపించు, నోరు దానంతటదే తెరుచుకుంటుంది. సాక్సు మింగేసి వాంతులు చేసుకుంటూ తిండి ముట్టకపోతే పేగుకి అడ్డంపడి ఉండొచ్చు. తెల్లారేదాకా ఆగొద్దు.

సాయంత్రం ఏడింటికి చేతుల్నీ చీర కుచ్చిళ్లనీ పట్టి లాగుతున్నాడన్నావు. అది చాలాసార్లు నిద్ర చాలని చిరాకు. ఈ వయసులో రోజుకి పద్దెనిమిది గంటల దాకా పడుకోవాలి. వచ్చినవాళ్లందరూ ఎత్తుకుని ముద్దు చేస్తుంటే వాడికి కునుకెక్కడిది? పంటి గాటు పడగానే ఆట ఆపేసి, అర నిమిషం అటు తిరిగి కూర్చో. రెండు మూడుసార్లకీ తగ్గకపోతే లైటు తీసి పడుకోబెట్టు. చర్మం తెగితే మాత్రం సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి ఆసుపత్రికి వెళ్లండి. వాడికింకా రేబిస్ టీకా పడలేదు.

ఇక ఆ "తప్పు చేసిన మొహం". దిండు చింపి, చెవులు వాల్చి, ఓరచూపు చూస్తున్నాడని మీరంతా పడీపడీ నవ్వుతున్నారు. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు దీన్నే పరీక్షించింది. ఏ తప్పూ చేయని కుక్కలు కూడా యజమాని కోప్పడితే అదే మొహం పెట్టాయి. అంటే అది పశ్చాత్తాపం కాదు, నీ గొంతుకి జవాబు. ఎప్పుడో మధ్యాహ్నం చింపిన దిండుకి రాత్రి తిడితే, నువ్వు ఇంటికి రావడమే ప్రమాదమని నేర్చుకుంటాడు.

స్నానం చేయించగానే తోక ముడిచి హాలంతా చక్కర్లు కొట్టడం మామూలే, రెండు మూడు నిమిషాల్లో చల్లబడతాడు. భయపడాల్సింది టైల్స్ గురించి. జారిపడితే మోకాలి కీలు దెబ్బతినొచ్చు. వాడు మలుపు తిరిగే చోట్ల రబ్బరు మ్యాట్లు వెయ్యి, అరికాళ్ల మధ్య పెరిగిన బొచ్చు కత్తిరించు. నడుస్తుంటే గోళ్లు టకటకమంటున్నాయంటే పెరిగాయన్నమాట. గోటి లోపల కనిపించే గులాబీ రంగు నరం దాకా వెళ్లకుండా కొసలు మాత్రమే తీయి. నరం తెగి రక్తం వస్తే కార్న్‌ఫ్లోర్ అద్ది రెండు నిమిషాలు నొక్కిపట్టు. స్నానం మూడు నాలుగు వారాలకోసారి చాలు. మీ షాంపూ వద్దు, వాడి చర్మం పొడిబారి గోకుళ్లు మొదలవుతాయి.

భోజనాల దగ్గర వాడి చూపులకి కరగని వాళ్లుండరు. తొమ్మిదిసార్లు కాదని పదోసారి ఒక ముద్ద పెట్టారనుకో, ఓపిక పడితే దక్కుతుందనే వాడు నేర్చుకునేది. అత్తయ్యగారికి చెప్పడం కష్టమే, అయినా చెప్పు: సాంబారన్నం పెట్టకూడదు. ఉల్లి, వెల్లుల్లి వాడి రక్తంలోని ఎర్రకణాల్ని విరగ్గొడతాయి, ఉడికినా అంతే. పాయసంలో కిస్‌మిస్ కిడ్నీలకి ముప్పు. చాక్లెట్ విషం. వండిన కోడి ఎముకలు సూదుల్లా చీలి పేగుకి గుచ్చుకుంటాయి. ఆవిడకి మరీ మనసొప్పకపోతే ఉప్పు లేని పెరుగన్నం ఒక చెంచా, అదీ వాడి గిన్నెలోనే, మీ భోజనాలయ్యాక.

మలవిసర్జన అయ్యాక వెనక కాళ్లతో మట్టి ఎగదన్నడం కప్పెట్టడానికి కాదు, పాదాల గ్రంథుల వాసన అక్కడ వదలడానికి. నువ్వు రెండడుగులు పక్కకి జరుగు, అంతే. పడుకునే ముందు గుండ్రంగా తిరగడం, గడ్డి కొరకడం కూడా పట్టించుకోవాల్సినవి కావు. మందు కొట్టిన పార్కు గడ్డి అయితే ఆపు.

ఉన్నట్టుండి మెడ చాచి, గుర్రుగుర్రుమంటూ ముక్కుతో గాలి లోపలికి లాగితే ఊపిరాడటం లేదని హడలిపోతారు. తుమ్ము తిరగబడిందంతే. గొంతు మీద మెల్లగా నిమురు, నిమిషంలోపు సర్దుకుంటుంది. చిగుళ్లు నీలంగా మారితే మాత్రం అప్పటికప్పుడు డాక్టరే.

చివరగా, పిర్రల మీద కూర్చుని నేలంతా దేకుతున్న వీడియో పంపి "యోగా చేస్తున్నాడు" అని రాశావు. అది యోగా కాదమ్మా. మలద్వారం పక్కన రెండు చిన్న సంచులుంటాయి, అవి నిండి పూడుకుపోతే దురద. కడుపులో బద్దెపురుగులున్నా అలాగే దేకుతాడు. తోక కింద బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తున్నాయేమో చూడు. వచ్చే వారం రేబిస్ టీకాకి తీసుకెళ్తారుగా, ఆ వీడియో డాక్టరుకి చూపించి సంచులు పిండాలేమో అడుగు, వాణ్ని తూకం వేయించి బద్దెపురుగులకి మందు మోతాదు రాయించుకో.

ఉంటాను,
పెద్దమ్మ