థ్రిల్లర్ మొదటి సీన్: ఏరేటర్ ఆగిన రాత్రి

థ్రిల్లర్ షార్ట్ ఫిల్మ్ తీస్తున్నారు, హత్యతోనే మొదలుపెట్టాలా అని అడిగారు. అవసరం లేదు. మేం అలాగే మొదలుపెట్టి, మళ్లీ తీయాల్సి వచ్చింది.

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. నలుగురు స్నేహితులం కలిసి, రొయ్యల గుంట కాపలా మనిషి మాయమైపోయే కథ రాసుకున్నాం. మొదట తీసిన దాంట్లో చీకట్లో పరుగు, కత్తి, గట్టు మీద రక్తం, వెనక పెద్ద మ్యూజిక్. ఇంట్లో వేసి చూపిస్తే ఒక్కరూ ఉలిక్కిపడలేదు. చనిపోయినతను ఎవరో తెలిసేలోపే చంపేశాం కదా, అతని గురించి ఎవరు భయపడతారు?

అప్పుడు మా బాబాయి అన్న మాట ఇది: "గుంట కాడ కత్తికి ఎవరు భయపడతారు అబ్బయ్యా? ఏరేటర్ ఆగితే భయం." ఏరేటర్ అంటే గుంట నీళ్లలో గాలి కలిపే యంత్రం. రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, తెల్లవారుజామున మరీ తక్కువ. ఆ సమయంలో ఏరేటర్లు ఆగి, ఎవరూ చూసుకోకపోతే పంట మొత్తం పోవచ్చు. అందుకే బాబాయి ఆ హోరులో హాయిగా నిద్రపోతారు, అది ఆగిన క్షణం లేచి కూర్చుంటారు.

మొదటి సీన్ మొత్తం మార్చేశాం. కాపలా మనిషి పాక ముందు మంచం మీద కూర్చుని అన్నం తింటూ, కూతురితో ఫోన్లో మాట్లాడుతుంటాడు. ఏరేటర్ల మోతకు వినపడక "ఆఁ? ఏందమ్మా?" అని అరుస్తుంటాడు. ఆ అరుపు కావాలనే పెట్టాం. చూసేవాళ్ల చెవికి ఆ మోత అలవాటు కావాలి. ఇంతలో దూరంగా ఒక ఏరేటర్ ఆగుతుంది. పాకలో లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. ఫోన్ మంచం మీద పెట్టి, టార్చి తీసుకుని గట్టు మీద నడుస్తాడు. కెమెరా మంచం దగ్గరే ఆగిపోతుంది. రెండోది ఆగుతుంది, మూడోది ఆగుతుంది. దూరాన టార్చి వెలుగు ఆరిపోతుంది. ఇందాక మనకు వినపడని కూతురి గొంతు ఇప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది: "నాన్నా... నాన్నా..."

ఇందులో ఏ రకం సినిమానో చెప్పేది ఆ పాకలో లైటే. అది కూడా ఆరిపోతే కరెంటు పోయిందనుకుంటారు, రైతు కష్టాల కథ అవుతుంది. ఆగిన ఏరేటర్ దానంతటదే మళ్లీ తిరిగితే దయ్యం కథ. కరెంటు ఉండగా ఒక్కొక్కటే ఆగిందంటే చీకట్లో ఎవరో ఉన్నారు. అది థ్రిల్లర్.

ఎవరో చూపించకండి. 1975లో వచ్చిన 'జాస్' మొదటి సీన్‌లో రాత్రి సముద్రంలో ఈదుతున్న అమ్మాయిని సొరచేప లాగేస్తుంది, ఆ చేప మాత్రం కనిపించదు. షూటింగ్‌లో యంత్రపు సొరచేప ఉప్పునీళ్లలో మొరాయించడం వల్ల కూడా దర్శకుడు స్పీల్‌బర్గ్ దాన్ని సినిమాలో తక్కువగా చూపించాడు. దాంతో భయం ఇంకా పెరిగింది.

దీనికి పూర్తిగా ఎదురు దారి 1958 నాటి 'టచ్ ఆఫ్ ఈవిల్'ది. టైమ్ బాంబును కారు డిక్కీలో పెట్టడం ముందే చూపించేసి, మూడు నిమిషాలకు పైగా కట్ లేకుండా ఒకే షాట్ నడుపుతాడు దర్శకుడు ఆర్సన్ వెల్స్. మనకు తెలుసు, కారులో ఉన్నవాళ్లకు తెలియదు. టెన్షన్ అంతా అక్కడే. మీ కథకు ఈ రెండింటిలో ఏది సరిపోతుందో ముందు తేల్చుకోండి. రెండూ ఒకే సీన్‌లో కలిపితే నా లెక్కన ఏదీ పండదు.

ఇక శబ్దం విషయంలో మాత్రం తొందరపడకండి. మొదటిరోజు ఫోన్ మైకులో సముద్రపు గాలి తప్ప ఇంకేమీ రికార్డు కాలేదు. రెండో రాత్రి పాక గోడ చాటున కూర్చుని, మైకుకు గుడ్డ చుట్టి, ఏరేటర్ల మోత ఒక్కటే పది నిమిషాలు రికార్డు చేశాం. ఆ సీన్‌కు మ్యూజిక్ పెట్టనే లేదు. మళ్లీ వేసి చూపించినప్పుడు మూడో ఏరేటర్ ఆగేసరికి బాబాయి చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశారు.